చెప్పు

పధ్నాలుగు నెలలుగా కారు కనబడితే చాలు రోడ్డు దాటి అవతలి వైపు నడిచిన పిల్ల, ఇవాళ కార్లోంచి దిగనంటోంది.

వెనక సీట్లో, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. నాలుగు తలుపులూ లోపల్నించి లాకు చేసుకుంది. అద్దం మాత్రం నాలుగు వేళ్లు పట్టేంత దించి పెట్టుకుంది. ఒళ్లో నీళ్ల సీసా, పక్కన బిస్కెట్ల ప్యాకెట్టు. ఏదో ఆవేశంలో ఎక్కిన వాలకం కాదు. అన్నీ చూసుకునే ఎక్కింది.

"ఎంతసేపయింది?" అని అడిగింది సిస్టరమ్మ, గోడ పట్టుకుని మెట్లు దిగుతూ.

"నలభై నిమిషాలు."

కోడలు షెడ్డులో, కారు పక్కనే, సిమెంటు నేలమీద చతికిలబడి ఉంది. మెడలో డ్రైవింగు స్కూలు కార్డు వేలాడుతోంది. ఎంత మొద్దు చేతులకైనా స్టీరింగు నేర్పిన మనిషి. ఇవాళ తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల చుట్టూ కట్టుకుంది.

"పిల్లకి కౌన్సెలింగు ఇస్తున్న కౌన్సిలరుకి ఫోన్ చేశావా?"

"చేశాను. దిగమని అడగొద్దన్నారు. గాలి ఆడుతోందా, నీళ్లున్నాయా అని అడిగారు. పక్కన ఉండండి చాలు అన్నారు."

"ఉన్నావుగా మరి."

"నేను ఉంటే సరిపోదుట అత్తయ్యా. మీరు కావాలిట. మీరు చెప్తేనే దిగుతుందిట."

సిస్టరమ్మకి ఓపిక తక్కువ. ఉన్న ఓపికంతా ముప్పై ఒక్కేళ్లు కాన్పుల గదిలో నర్సుగా ఖర్చుపెట్టేశానని ఆవిడే చెప్పుకుంటుంది. రిటైరై తొమ్మిదేళ్లయినా వీధిలో అందరికీ ఇంకా సిస్టరమ్మే. కొడుకు ఓడలో ఇంజను గదిలో పనిచేస్తాడు. నాలుగు నెలలకొకసారి ఇల్లు చేరతాడు. కాబట్టి ఇంట్లో ఏ గొడవైనా ఈ ముగ్గురు ఆడవాళ్ల మధ్యే పుట్టి, వాళ్ల మధ్యే చల్లారాలి.

ఆవిడ అద్దం దగ్గరికి వెళ్లి వంగింది.

"ఏమే మిరియం, ఏమైనా తిన్నావా?"

పుట్టినప్పుడు ఆ పిల్ల రెండు కేజీలు కూడా లేదు. అరుపు మాత్రం మూడు వార్డులకి వినబడింది. ఆ రోజు సిస్టరమ్మ పెట్టిన పేరే పదహారేళ్లుగా నిలిచిపోయింది.

"బిస్కెట్లున్నాయి నాన్నమ్మా."

"ఊపిరి బాగా ఆడుతోందా?"

"ఆడుతోంది. చేతులు వణుకుతున్నాయి. అంతే."

"వణకనీ. ఎందుకెక్కావు?"

పిల్ల తన ముందున్న సీటు వెనకభాగాన్ని రెండు అరచేతులతో తడిమి చూసింది. ముప్పై ఐదు నిమిషాలు తనని నొక్కిపెట్టిన సీటు అది. కారు బాగుచేసినవాళ్లు కవరు మార్చారు గానీ, సీటు అదే.

"ఇక్కడ కూర్చుంటే గుర్తొస్తుందేమోనని," అంది. "నాకు చప్పుళ్లే గుర్తున్నాయి. అంతకు ముందు ఏం జరిగిందో గుర్తు రావట్లేదు. నువ్వు నా పక్కనే ఉన్నావు కదా. ముందు నేను అరిచానా, ముందు అమ్మ బ్రేకు తొక్కిందా?"

సిస్టరమ్మ నడుము నిటారు చేసుకుంది. వెనకనుంచి కోడలు లేచిన చప్పుడు వినబడింది.

"ఒక్క నిమిషం ఆగు," అంది ఆవిడ.

"ఆగుతాను," అంది పిల్ల. "నాకేం తొందర లేదు."

ఆ మాట అన్న తీరుకి సిస్టరమ్మకి లోలోపల ముచ్చటేసింది. గొంతు వణుకుతోంది, మాట మాత్రం వణకలేదు. కిందటేడాది ఇదే పిల్ల, వీధి చివర లారీ వెళ్తే మంచం కింద దూరేది.

*

ఆ రోజు కంటి ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నారు. నడుపుతున్నది డ్రాయింగు మాస్టారు. బడిలో రిటైరయ్యాక డ్రైవింగు మోజు పట్టిన పెద్దమనిషి, అది ఆయన చివరి పాఠం. పక్క సీట్లో కోడలు. నేర్పే కారు కాబట్టి పక్క సీట్లో కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, అది నేర్పేవాళ్లది. వెనక మనవరాలు, సిస్టరమ్మ. సిస్టరమ్మ కళ్లలో డాక్టరు వేసిన మందు ఇంకా దిగలేదు. లోకమంతా పాలు ఒలికినట్టు మసగ్గా ఉంది.

వెనక నీళ్ల ట్యాంకరు ఒకటి హారన్ కొడుతూ మీదమీదకి వస్తోంది. తర్వాత అరుపు, బ్రేకు, దెబ్బ. కళ్లు మూసి తెరిచేలోగా అన్నీ అయిపోయాయి.

మాస్టారికి గీసే చెయ్యి నలిగిపోయింది. కోడలికి రెండు పక్కటెముకలు విరిగాయి. సిస్టరమ్మ నుదురు చిట్లింది. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ సీట్ల మధ్య ఇరుక్కుపోయింది. పక్కనే పగిలిన ట్యాంకరులోంచి నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. పిల్లని బయటికి తీసేదాకా, ముప్పై ఐదు నిమిషాలూ, ఆ నీళ్ల చప్పుడు ఆగలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కుళాయి తిప్పడం ఒక గండం అయింది. నీళ్లు పడే చప్పుడు వింటే చాలు పిల్ల ఒళ్లంతా చెమట్లు పట్టి బిగుసుకుపోయేది. రెండు దెబ్బలేస్తే అదే దారికొస్తుందని మొదటివారంలో అన్నది ఎవరో కాదు, సిస్టరమ్మే. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకి తల తీసేసినట్టుంటుంది.

కోడలు ఏమీ అనలేదు. విరిగిన పక్కటెముకలతోనే పాతదుప్పటి చింపి, ఇంట్లో ప్రతి కుళాయికీ ఒక గుడ్డపేలిక కట్టింది. నీళ్లు గుడ్డ వెంట జారి, చడీచప్పుడూ లేకుండా బక్కెట్లోకి దిగుతాయి. బక్కెట్టు నిండడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ రోజుకి ఆరుసార్లు కోడలే నిలబడి నింపుతుంది. మిక్సీ వేసే ముందు చెప్పి వేస్తుంది. పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలన్నా అడిగి వేస్తుంది. పిల్లకి ఊపిరి అందనప్పుడు ఎదురుగా కూర్చుని, "కనిపించే ఐదు వస్తువులు చెప్పు కన్నా," అంటుంది. కిటికీ, గడియారం, నీ చెవిరింగు, అలా ఒక్కొక్కటీ పిల్ల లెక్కపెట్టేదాకా కదలదు.

ఆరు వారాలకే మళ్లీ ఆ పక్క సీట్లో ఎక్కి పాఠాలు మొదలుపెట్టింది. ముప్పై ఒక్కేళ్లలో ఎందరో తల్లుల్ని చూశాను, ఇలాంటి మనిషిని చూడలేదని సిస్టరమ్మ అనుకోని రోజు లేదు. పైకి మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆవిడ నోటికి మెచ్చుకోలు తొందరగా రాదు.

అంత ఓర్పున్న మనిషీ నిన్న సాయంత్రం నోరు జారింది. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "అది అరవకపోతే నేను తొక్కేదాన్నే కాదు అత్తయ్యా. ఆ మాట దానికెలా చెప్పను?" అంది. తలుపు వెనక పిల్ల నిలబడి ఉందని ఇద్దరికీ తెలియదు.

*

కోడలు అత్తగారి మోచెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కుపోయింది.

"బ్రేకే ముందని చెప్పండి."

"నువ్వు దానికి అలాగే చెప్పావా ఇన్నాళ్లూ?"

"చెప్పాను. నిద్రలో చెప్పు, చెప్పు అని కలవరిస్తుంటే ఏం చెయ్యమంటారు? తప్పెవరిదో చెప్పమంటోంది అనుకున్నాను. ఒక పొద్దున్న కూర్చోబెట్టి, నేనే ముందు తొక్కానమ్మా, వెనకవాడు గుద్దాడు, నీ అరుపు తర్వాత అని చెప్పేశాను. తల్లిని కదా, ఆ తప్పు నా మీద ఉంటేనేం?"

"ఉంటే ఉండొచ్చు. నిజం కావాలి కదా."

"అత్తయ్యా, మొదటి మూడు నెలలు మీరు మర్చిపోయారా? మాస్టారి చెయ్యి నావల్లే పోయిందని తన చెయ్యి తనే కొరుక్కుంది. రాత్రీ పగలూ గ్లౌజులు తొడిగాం. ఇప్పుడిప్పుడే నవ్వుతోంది. మీరు అరుపే ముందంటే మళ్లీ ఆ రోజులొస్తాయి. ఈసారి దాన్ని వెనక్కి తెచ్చుకునే శక్తి నాకు లేదు."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

కాన్పుల గదిలో ఆవిడకి ఒకే ఒక్క గర్వం ఉండేది. పుట్టిన టైము నిమిషంతో సహా రాసేది. కవలలు పుడితే, ముందొచ్చిన బిడ్డ చేతికి నీలం దారం కట్టేది. ఒకసారి ఆ దారం తప్పు బిడ్డకి కట్టింది. గంట తర్వాత టీ తాగుతూ ఉండగా తట్టింది. కప్పు కింద పెట్టేసి వెళ్లి, ఇరవైమంది చుట్టాల ముందు తప్పొప్పుకుంది. రెండు నిమిషాల తేడాకి ఇంత రాద్ధాంతం ఎందుకన్నారు వాళ్లు. ఆవిడ వినలేదు. దారం విప్పి మళ్లీ కట్టింది.

"ఒక్క అబద్ధం," అంది కోడలు. "నాకోసం."

"నీకోసమైతే ఆడేదాన్నేమో. దానికోసం ఆడను. నిన్న వంటింట్లో నువ్వన్నది అది విన్నట్టుందే, లేకపోతే ఇవాళ ఈ ప్రశ్నెందుకు? ఇవాళ నేను కాదంటే, మనిద్దరం కలిసి మోసం చేస్తున్నామని దానికి తెలిసిపోతుంది. రేపు నువ్వు, ఏం భయంలేదు కన్నా, నేనున్నాను అంటావు. అదీ అబద్ధమే అనుకుంటుంది. అప్పుడేం చేస్తావు?"

కోడలు చటుక్కున మెట్ల కిందున్న అలమార తెరిచి వెతకడం మొదలుపెట్టింది.

"ఏమిటి వెతుకుతున్నావు?"

"స్పేరు తాళంచెవి. తలుపు తీసి దాన్ని లోపలికి తీసుకుపోతాను."

"అదిగో, అది మాత్రం చెయ్యకు."

పాత బూట్లు, పెయింటు డబ్బా, గొడుగులు బయటపడ్డాయి. వాటి వెనకనుంచి ఒక గుడ్డసంచీ జారి సిస్టరమ్మ కాళ్ల దగ్గర పడింది. దానికి దారంతో కట్టిన చిన్న అట్టముక్క ఉంది. సిస్టరమ్మ రాతే. ఎవరి వస్తువైనా పేరు రాసి కట్టిపెట్టడం ఆసుపత్రిలో అబ్బిన రోగం, ఇంటికొచ్చినా వదల్లేదు.

"ఈ చెత్తంతా ఎందుకు దాస్తారో," అని విసుక్కుంటూ కోడలు సంచీని పక్కకి నెట్టింది.

ఇంతలో గేటు చప్పుడైంది. పదింటి పాఠానికి బేకరీ ఆయన వచ్చాడు. భారీ మనిషి, మెత్తటి గుండె. కార్లో పిల్లని చూసి కంగారుపడిపోయాడు.

"మేడమ్, లాకు పడిపోయిందా? అద్దం పగలగొట్టనా? నా చేతికి బలముంది."

"మీ బేకరీలో అద్దాలున్నాయిగా," అంది సిస్టరమ్మ. "అవి పగలగొట్టుకోండి. ఇక్కడ అంతా బాగానే ఉంది. అక్కడే నిలబడండి, చప్పుడు చెయ్యకండి."

పాపం, ఆయన గేటు పట్టుకుని బడిపిల్లాడిలా నిలబడిపోయాడు.

తాళంచెవి దొరికింది. కోడలి పిడికిట్లో ఉంది. సిస్టరమ్మ ఆ పిడికిలి మీద తన చెయ్యి వేసింది.

"నీ దగ్గర నేర్చుకునేవాళ్లు రోడ్డు మీద తడబడితే నువ్వేం చేస్తావు? చటుక్కున నీ బ్రేకు తొక్కేస్తావా?"

"లేదు."

"మరి?"

"కాలు పెడలు మీద ఆనించి ఉంచుతాను. తొక్కను. ప్రాణం మీదకొస్తేనే తొక్కుతాను." కోడలు ముక్కు ఎగబీల్చింది. "తొక్కేస్తే వాళ్లకి నడపడం ఎప్పటికీ రాదు."

"అయితే కాలు ఆనించి ఉంచు. నేను తొక్కమన్నప్పుడు తొక్కుదువు గాని."

చివరికి కోడలు తాళంచెవి జేబులో వేసుకుంది.

*

సిస్టరమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని అద్దం పక్కన వేసుకుంది. ఆవిడ మోకాళ్లకి వంగి మాట్లాడే వయసు దాటిపోయింది. కోడలు ఇంకాస్త అవతల గోడకి ఆనుకుని నిలబడింది.

"విను మిరియం. ఆ రోజు నా కళ్లలో మందుంది. నేను చూడలేదు. విన్నాను. విన్నదే చెప్తాను, చూడనిది చెప్పను."

"సరే."

"ముందు నువ్వు అరిచావు. తర్వాత మీ అమ్మ బ్రేకు తొక్కింది. తర్వాత ట్యాంకరు గుద్దింది."

నీళ్లసీసా మీద పిల్ల వేళ్లు తెల్లబడ్డాయి. షెడ్డు రేకుమీద ఏదో పిట్ట గోళ్లు గీసుకుంటూ నడిచింది. బేకరీ ఆయన కూడా ఊపిరి బిగబట్టాడు. కోడలి కుడికాలు తనకి తెలియకుండానే సిమెంటు నేలని నొక్కుతోంది.

"అంటే నావల్లే," అంది పిల్ల. "మాస్టారు ఇప్పుడు ఎడంచేత్తో గీస్తున్నారు. అరటికాయ గీస్తే అది పడవలా వస్తోందని నవ్వుతూ చెప్పారు నాకు. నావల్లే కదా."

"అది తర్వాత తేలుద్దాం. నా ప్రశ్నకి జవాబివ్వు. ఎందుకు అరిచావు?"

"తెలియదు."

"నువ్వు పుట్టినప్పుడు తప్ప మళ్లీ ఊరికే అరిచిన పిల్లవి కాదు. చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడు కూడా పళ్లు బిగించుకుని కూర్చున్నావు. అలాంటిదానివి ఆ రోజు గొంతు చించుకుని అరిచావు. ఎందుకు?"

"గుర్తు రావట్లేదు నాన్నమ్మా."

"కళ్లు మూసుకోకు. నా మొహం చూడు. ఇది షెడ్డు, ఇవాళ్టి పొద్దున్న, ఇంజను ఆగి ఉంది. ఇరుక్కున్నాక నువ్వు ఏమన్నావో నేను చెప్తాను. చెప్పు, చెప్పు అన్నావు. ముప్పై ఐదు నిమిషాలూ అదే మాట. ఏం చెప్పమంటావే తల్లీ అంటే, మళ్లీ చెప్పు అనేదానివి. ఇక నాకు తోచిందల్లా చెప్పాను. నేను పురుడు పోసిన పిల్లల పేర్లన్నీ చెప్పాను. నా చిన్నప్పటి దొంగతనాలు కూడా చెప్పేశాను. నా జన్మలో అంత వాగలేదు."

పిల్ల మొహంలో ఏదో మారింది. ముందు సీటు మీదున్న చెయ్యి మెల్లగా జారింది. చూపు నాన్నమ్మ భుజం మీదుగా, గేటు అవతలి రోడ్డు మీదకి పోయింది.

"చెప్పు," అంది.

"చెప్తున్నాను కదే. ఇంకేం చెప్పమంటావు?"

"అది కాదు నాన్నమ్మా." పిల్ల తన కాలి వైపు వేలు చూపించింది. "చెప్పు. కాలి చెప్పు."

సిస్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"రోడ్డు మధ్యలో చెప్పు ఊడిపోయింది ఒకావిడకి. ఎర్రపట్టీల చెప్పు. దానికోసం వంగింది. చంకలో పాప ఉంది, చిన్న పాప, తెల్ల టోపీ. అమ్మ ఆవిణ్ణి చూడట్లేదు, మాస్టారూ చూడట్లేదు. నాకు 'అమ్మా, మనిషి' అని కూడా రాలేదు. అరుపే వచ్చింది."

చెప్పేసి పిల్ల గబగబా ఊపిరి పీల్చుకుంది. మళ్లీ పీల్చుకుంది. ఎవరూ లెక్కపెట్టమనకుండానే వేళ్లు మడిచి తనే లెక్కపెట్టుకుంది.

గోడ దగ్గర కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. పధ్నాలుగు నెలలుగా పిల్ల నిద్రలో చెప్పు చెప్పు అంటుంటే, ఆ తల్లి ఏదేదో చెప్పుకుంటూ వచ్చింది. ఒక్కసారీ, ఏం చెప్పు అని అడగలేదు. ఎవరికైనా ఎందుకు తడుతుంది?

"నేనే," అంది కోడలు. నడిచివచ్చి కారు పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "నేనే మాస్టార్ని అద్దం చూడమన్నాను కన్నా. వెనక ట్యాంకరు మీదకొస్తోంది, అద్దం చూడండి మాస్టారూ అన్నాను. నేనూ అద్దమే చూస్తున్నాను. ముందు రోడ్డు చూసింది నువ్వొక్కదానివే. నీ అరుపు విని తొక్కాను. ఏముందో చూడకుండా తొక్కాను."

"నిజంగానే ఆవిడ ఉందా అమ్మా? నేను ఊహించుకుంటున్నానేమో. కౌన్సిలరు ఒకసారి అన్నారు, మనసు ఖాళీల్ని నింపుకుంటుందని."

చూడనిది చూశానని ఇంకోసారి అబద్ధం ఆడే ధైర్యం కోడలికి లేదు. అత్తగారి వైపు చూసింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

సిస్టరమ్మ మెట్ల కింద, చెల్లాచెదరైన గొడుగుల మధ్య వంగి ఉంది. మోకాళ్లు కలుక్కుమంటున్నా పట్టించుకోకుండా ఆ గుడ్డసంచీ అందుకుంది. అట్టముక్క మీద ఆ రోజు తారీఖు. దాని కింద తన చేతిరాత: ఎవరిదో తెలియదు.

రోగి బట్టలు, వస్తువులు ఒక్కటీ పోకుండా ఏరి సంచీలో వెయ్యడం ఆవిడకి చేతి అలవాటు. ఆ రోజు కూడా నుదుట్నించి రక్తం కారుతుంటే, మసకకళ్లతో రోడ్డంతా తడిమి అన్నీ ఏరింది. కోడలి పర్సు, మాస్టారి కళ్లజోడు, కంటిమందు సీసా, చెప్పులు. ఎవరివి వాళ్లు తీసుకున్నారు. రెండు నెలల తర్వాత కంటి ఆపరేషనయ్యి చూపొచ్చాక సంచీ విప్పితే, మిగిలిన ఒక్క వస్తువు ఎవరిదీ కాదు. ఇంట్లో ఎవరి చెప్పులతో పెట్టి చూసినా కొలత కలవలేదు. మాస్టారి భార్యని అడిగితే తనది కాదంది. ఎవరో రోగిది పొరపాటున ఎత్తుకొచ్చానని సిస్టరమ్మ తనని తనే తిట్టుకుంది. పరాయి వస్తువు పారెయ్యడానికి చేతులు రాక చీటీ కట్టి లోపల పడేసింది.

ఆవిడ వచ్చి అద్దం సందులోంచి దాన్ని లోపలికి అందించింది.

ఎర్రపట్టీల చెప్పు. ఎడమ కాలిది. ఒక పట్టీ తెగి ఉంది.

పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. తిప్పి చూసింది. మడమ దగ్గర అరిగిన చోట బొటనవేలితో రాసింది. అద్దం అవతల ముగ్గురు పెద్దవాళ్లు, గేటు దగ్గరాయనతో సహా, ఒక తెగిపోయిన చెప్పుని నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఆవిడకేమైనా అయిందా నాన్నమ్మా? పాపకి?"

"ఆ రోజు దెబ్బ తగిలినవాళ్లందర్నీ నేనే లెక్కపెట్టాను. మనం నలుగురం, ట్యాంకరు డ్రైవరు. అంబులెన్సులో ఎవరెవరు ఎక్కారో కూడా నాకు తెలుసు. ఇంకెవరూ లేరు." సిస్టరమ్మ అద్దం అంచు పట్టుకుంది. "పాపని ఎత్తుకుని, ఒంటి చెప్పుతో నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయి ఉంటుంది. నువ్వు అరిచావు కాబట్టి వెళ్లింది."

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. భయంతో ఏడ్చే ఏడుపు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇది అది కాదు. వెక్కుతూ, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా ఏడ్చింది. కోడలు తాళంచెవి జోలికి పోలేదు. అద్దం సందులో నాలుగు వేళ్లు పెట్టి ఊరుకుంది. కాసేపటికి లోపల్నించి ఒక తడి చెయ్యి వచ్చి ఆ వేళ్లని పట్టుకుంది.

"నువ్వు నాకు అబద్ధం చెప్పావు," అంది పిల్ల.

"చెప్పాను."

"ఇంకెప్పుడూ చెప్పకు. నాకు కష్టమైనా సరే."

"చెప్పను."

"మాస్టారికి తెలియాలి ఇది."

"ఇద్దరం వెళ్లి చెబుదాం. నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

"ఇద్దరం కాదు, ముగ్గురం," అంది సిస్టరమ్మ. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇక ఇవాళ కాకపోతే ఎప్పటికీ అనలేననుకుందేమో, అనేసింది. "నీ అంత తల్లిని నేను కాలేదే కోడలా. నా కొడుకుని దెబ్బలేసి పెంచాను."

కోడలు తెల్లబోయి అత్తగారి మొహం చూసింది. "బాగానే పెరిగారు కదా," అంది. ఏడుస్తున్న పిల్ల కూడా ఫక్కున నవ్వింది.

టక్కుమని చప్పుడైంది. నాలుగు తలుపుల లాకులూ ఒక్కసారే లేచాయి.

కోడలు తలుపు తీసి చెయ్యి చాచింది. పిల్ల చెయ్యి పట్టుకోలేదు. దిగలేదు కూడా. అవతలి పక్కకి జరిగి చోటు చేసింది.

"ఎక్కు నాన్నమ్మా."

"ఎక్కడికి?"

"ఆ రోడ్డుకి. చెప్పు ఎవరిదో కనుక్కోవద్దూ? అక్కడే ఎక్కడో ఉంటుంది ఆవిడ. పాప ఈపాటికి నడుస్తూ ఉంటుంది."

"కన్నా, వీధి చివరిదాకా వెళ్లొద్దామనుకున్నాం కదా, ఈ వారానికి," అంది కోడలు. "కౌన్సిలరుతో ఒక మాట—"

"వీధి చివరిదాకా వెళ్లాక అడుగుదాం. నేను ఆగమంటే ఆపేస్తావు కదా?"

"ఆపేస్తాను."

"అయితే నడుపమ్మా."

సిస్టరమ్మ ఎక్కి కూర్చుంది. కోడలు ముందుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. తాళంచెవి తీసి పెట్టబోయింది. అది రంధ్రంలోకి పోవడంలేదు. రోజుకి ఎనిమిది పాఠాలు చెప్పే చెయ్యి, గడగడ కొట్టుకుంటోంది. ఆరు వారాలకే సీటెక్కిన మనిషికి భయం లేదని ఇన్నాళ్లూ అనుకున్నందుకు సిస్టరమ్మకి సిగ్గేసింది. ఎవరూ చూడని చోట దాచుకుందన్నమాట.

వెనకనుంచి పిల్ల ముందుకు వంగింది.

"అమ్మా, నీ భుజం మీద చెయ్యి వెయ్యనా?"

కోడలు తలూపింది. చెయ్యి పడింది.

"కనిపించే ఐదు వస్తువులు చెప్పు."

కోడలు ఎదురుగా చూసింది.

"గేటు."

"ఊఁ."

"బేకరీ ఆయన."

"ఆయన వస్తువు కాదు. సరే, పోనీ."

"గోడమీద ఆరేసిన కుళాయి గుడ్డలు. స్టీరింగు."

"నాలుగు. ఐదోది?"

కోడలు కళ్లెత్తి వెనక చూసే అద్దంలోకి చూసింది. ఆ రోజు నుంచీ ఆ అద్దంలోకి చూడాలంటే గుండె పట్టేసేది ఆవిడకి. అందులో పిల్ల ఉంది, పక్కన అత్తగారు, పిల్ల ఒళ్లో ఎర్రపట్టీలు.

"చెప్పు," అంది.